పై ముడతా, కింది ముడతా?

మిరప మొక్కకు ముడత వచ్చిందని చెబితే, అనుభవమున్న మిరప రైతు వెంటనే మందు పేరు చెప్పడు. పై ముడతా, కింది ముడతా అని ముందు అడుగుతాడు. ఆకు అంచులు పైకి లేచి ముడుచుకుంటే అది తామర పురుగుల పని. అంచులు కిందికి వంగి, ఆకు బోర్లించిన పడవలా అయి, కాడ సాగినట్టు కనిపిస్తే తెల్లనల్లి పట్టిందని అర్థం. తామర పురుగు కీటకం. నల్లి కీటకం కాదు, ఎనిమిది కాళ్లతో సాలీడుకు దగ్గరి చుట్టం. అందుకే కీటకాల కోసం తయారైన మందుల్లో చాలావాటికి అది లొంగదు. పైగా కొన్ని మందులు నల్లిని తినే మిత్రజీవుల్ని చంపేసి, నల్లి మరింత పెరగడానికి దారి చేస్తాయి. ఇక ఆకులు చిన్నవైపోయి, ముడుచుకుని, ఈనెల మధ్య పసుపు తిరిగి, మొక్క గిడసబారిపోతే తెల్లదోమ మోసుకొచ్చిన జెమిని వైరస్‌ను అనుమానించాలి. దాన్ని నయం చేసే మందు ఎక్కడా లేదు.

చూడటానికి మూడూ ముడతలే. ఒకదానికి పనికొచ్చేది ఇంకోదానికి పనికిరాదు. పెరట్లో, మేడ మీద, బాల్కనీలో నాలుగు మొక్కలు పెంచుకునేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఆకు మీద మచ్చ కనపడగానే దాన్ని తుంచి సంచిలో వేసుకుని మందుల కొట్టుకు వెళతారు. అక్కడ మూడు పొట్లాలు చేతిలో పెడతారు: ఒకటి పురుగుకు, ఒకటి తెగులుకు, ఒకటి బలానికి. ఇంటికొచ్చి మూడూ కలిపి కొట్టేస్తారు. మొక్క బతికితే ఏది పనిచేసిందో తెలీదు, చస్తే ఏది చంపిందో తెలీదు. అసలు ఆ మొక్కకు జబ్బే లేకపోయి ఉండొచ్చు కూడా.

జబ్బు అనుకున్నది జబ్బు కాకపోవడం పెద్ద పెద్ద పొలాల్లోనూ జరిగింది. హిమాలయాల పాదాల దగ్గరి తరాయి ప్రాంతంలో వరి ఆకులు తుప్పు రంగు తిరిగి, పైరు ఎదగకుండా పోయేది. అక్కడివాళ్లు దాన్ని ఖైరా అనేవారు. దానికి కారణం ఏ సూక్ష్మజీవీ కాదని, నేలలో జింకు లోపించడమేనని పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న డాక్టర్ వై.ఎల్. నేనే 1966లో తేల్చారు. జింకు సల్ఫేటు, సున్నం కలిపి చల్లితే పైరు తేరుకుంది. ఎన్ని తెగుళ్ల మందులు కొట్టినా రాని పచ్చదనం అది. ఆ తర్వాత ఆయన పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్‌లో పనిచేశారు. సికింద్రాబాద్‌లో ఆసియన్ అగ్రి హిస్టరీ ఫౌండేషన్‌ను స్థాపించి, సురపాలుడి వృక్షాయుర్వేదాన్ని 1996లో ఇంగ్లిషు అనువాదంతో అచ్చు వేయించారు. ఆ పాత గ్రంథం చెట్ల రోగాలను వాత, పిత్త, కఫ దోషాలుగా విడదీస్తుంది. ఆ విభజన ఇవాళ్టి శాస్త్రానికి నిలవదు. కానీ దోషమేదో తేల్చుకున్నాకే చికిత్సకు దిగాలన్న క్రమం మాత్రం అందులో గట్టిగా ఉంది.

ముందు చూడాల్సినవి

దీనికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. ఒక భూతద్దం, ఒక తెల్ల కాగితం, కాస్త ఓపిక ఉంటే చాలు. కాగితాన్ని కొమ్మ కింద పట్టి తట్టితే తామర పురుగులు రాలి సన్నగా పాకుతూ కనిపిస్తాయి. ఎర్రనల్లి అయితే కదిలే చుక్కలు కనిపిస్తాయి. ఆకును ఎప్పుడూ తిరగేసి చూడాలి. తెల్లదోమ, పేనుబంక, బూజు తెగులు ఎక్కువగా మొదలయ్యేది ఆకు అడుగునే. పైనుంచి మనకు తెలిసేసరికి కింద కాపురం పెట్టి చాలా రోజులవుతుంది.

పసుపు తిరిగింది పాత ఆకులా, కొత్త ఆకులా అన్నది రెండో ప్రశ్న. నత్రజని చాలకపోతే మొక్క తన దగ్గరున్నదాన్ని కొత్త చిగుళ్లకు పంపుకుంటుంది, అందువల్ల అడుగు ఆకులు ముందు పసుపు తిరుగుతాయి. మెగ్నీషియం లోపమూ పాత ఆకుల్లోనే కనిపిస్తుంది. ఇనుము అలా కదలదు. అది అందకపోతే కొత్త చిగురు పసుపుగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. బోరు నీళ్లు పోసే ఇళ్లలో మందార, నూరువరహాలు, గులాబీ, నిమ్మ మొక్కల్లో ఇది తరచూ చూస్తాం. ఆ నీళ్లలోని సున్నపు గుణం వల్ల మట్టిలో ఇనుము ఉన్నా వేళ్లకు అందదు. ఇలాంటి మొక్క మీద తెగుళ్ల మందు కొట్టడం వృథా. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట చిగుళ్ల మీద పిచికారీ చేసి, వారం పది రోజుల తర్వాత మళ్లీ ఓసారి చేస్తే కొత్త ఆకుల్లో పచ్చదనం తిరిగొస్తుంది. వాన నీళ్లు పట్టిపెట్టి పోయగలిగితే ఇంకా మంచిది.

మూడోది, ఎన్ని రకాల మొక్కలకు ఒకేసారి వచ్చిందన్నది. తెగులు సాధారణంగా ఒక జాతినో, ఒక కుటుంబాన్నో పడుతుంది. ఒక మూల మొదలై పక్కకు పాకుతుంది. ఒకే రాత్రిలో గులాబీ, టమాటా, కరివేపాకు మూడింటికీ ఆకు అంచులు మాడాయంటే అది జీవి పని అయ్యే అవకాశం తక్కువ. ఎండ దెబ్బో, ఉప్పు నీళ్లో, ఎక్కువ మోతాదులో వేసిన ఎరువో అయి ఉంటుంది. టమాటా కాయ అడుగుభాగం నల్లగా, తోలులా కుంగిపోవడం కూడా ఇలాంటిదే. చాలామంది దాన్ని కుళ్లు తెగులనుకుంటారు. అది కాయకు కాల్షియం సరిగా అందకపోవడం. మట్టిలో కాల్షియం ఉన్నా, రెండు రోజులు ఎండబెట్టి మూడో రోజు ముంచెత్తే నీటి పద్ధతి వల్ల కాయ దాకా చేరదు. నీళ్లు క్రమం తప్పకుండా పోస్తే తర్వాతి కాయలు బాగుంటాయి.

ఆఖరున వేళ్లు. ఇది అందరూ మానేసే పరీక్ష, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది. కుండీని పక్కకు వంచి మట్టిగడ్డతో సహా మొక్కను బయటకు తీసి చూడండి. మంచి వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది. కుళ్లిన వేరు గోధుమ రంగులో మెత్తగా ఉండి, చేతి వేళ్లతో పట్టి లాగితే పైతొక్క ఊడి లోపలి నార మాత్రం మిగులుతుంది. వేళ్ల మీద బుడిపెలు ఉంటే అది నులిపురుగుల పని కావచ్చు. అయితే చిక్కుడు, అలసంద, వేరుశనగ వేళ్ల మీద ఉండే బుడిపెలు చూసి కంగారు పడకూడదు. గాలిలోని నత్రజనిని పట్టి ఇచ్చే మేలు బాక్టీరియా ఉండేది వాటిలోనే. ఆ బుడిపె గోటితో గీకితే వేరు నుంచి తేలిగ్గా ఊడి వస్తుంది, లోపల గులాబీ రంగు కనిపిస్తుంది. నులిపురుగు బుడిపె వేరే ఉబ్బి అయినది కాబట్టి ఊడదు.

నీళ్ల దగ్గరే సగం జబ్బు

ఇళ్లలో మొక్కలు దాహంతో చచ్చేవాటికన్నా నీళ్లెక్కువై చచ్చేవే ఎక్కువని నా నమ్మకం. మట్టిలోని ఖాళీలన్నీ నీళ్లతో నిండిపోతే వేళ్లకు గాలి ఆడదు. ఊపిరాడని వేళ్లను పిథియం, ఫైటాఫ్తోరా వంటి నీటి బూజులు సులువుగా పట్టుకుంటాయి. ఈ రెండూ తడిలో ఈదగలిగే బీజాలను వదులుతాయి, తడి మట్టి వాటికి రహదారి. వేళ్లు కుళ్లాక మొక్క నీళ్లు పీల్చలేదు, ఆకులు వాలిపోతాయి. వాలిన ఆకులు చూసి ఇంటివాళ్లు దాహమేసిందేమో అనుకుని ఇంకో చెంబెడు పోస్తారు. పాపం, ప్రేమతోనే పోస్తారు. మట్టి తడిగా ఉండి మొక్క వాలుతోందంటే నీళ్లు ఆపాలి, పోయకూడదు.

వేలు రెండు కణుపుల దాకా మట్టిలో దించి చూసి, పొడిగా తగిలితేనే నీళ్లు పోయడం మంచి అలవాటు. కుండీ అడుగున చిల్లు ఉందో లేదో, ఉన్నది మూసుకుపోయిందో చూడాలి. ముచ్చటైన పింగాణీ కుండీల్లో మనీప్లాంట్, స్నేక్‌ప్లాంట్ పెట్టి చిల్లు లేకుండా పెంచేవాళ్ల ఇళ్లలో వేరుకుళ్లు తరచూ వస్తుంది. అడుగు పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబోయాలి, వేరుకుళ్లే కాదు, దోమలూ అక్కడే పెరుగుతాయి. కుళ్లు మొదలైన మొక్కను కాపాడాలంటే మెత్తబడిన వేళ్లను కత్తిరించి, కొత్త పొడి మట్టిలోకి మార్చి, ఆకులు కొన్ని తగ్గించి నీడన ఉంచాలి. సగానికి పైగా వేళ్లు పోయి ఉంటే ఆశ వదులుకుని, బాగున్న కొమ్మ నుంచి కొత్త మొక్కను తయారుచేసుకోవడం మేలు.

నారు పోసినప్పుడు ఈ బూజుల దెబ్బ మరీ కనిపిస్తుంది. వంగ, టమాటా, మిరప నారు మొలిచి రెండాకుల దశలో ఉండగా, మొదలు దగ్గర నీరుపట్టినట్టు సన్నబడి, తెల్లారేసరికి గుంపులు గుంపులుగా పడిపోతుంది. ఇదే నారుకుళ్లు తెగులు. దీని ఊపంతా ఒత్తుగా చల్లిన విత్తనం మీద, ఎక్కువ తడి మీద ఆధారపడి ఉంటుంది. పలచగా విత్తడం, పాత్రలో నీరు నిలవనివ్వకపోవడం, విత్తే ముందు గింజలకు ట్రైకోడెర్మా పొడి పట్టించడం, ఈ మూడూ చేస్తే చాలావరకు రాదు. మొదలైపోతే పడిన మొక్కలను చుట్టూ ఉన్న మట్టితో సహా తీసేసి, మిగిలిన చోట లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపిన నీళ్లతో మట్టి తడపాలి.

ట్రైకోడెర్మా గురించి రెండు మాటలు చెప్పాలి. అది కూడా శిలీంధ్రమే. కాకపోతే మిగతా శిలీంధ్రాలను చుట్టుకుని తినేస్తుంది, వాటికి చోటు, తిండి దక్కనివ్వదు. పొడిని నేరుగా మట్టిలో చల్లితే ఫలితం తక్కువ. 10 కిలోల చివికిన పశువుల ఎరువు, 1 కిలో వేపపిండి కలిపి, అందులో 100 నుంచి 200 గ్రాముల ట్రైకోడెర్మా వేసి, పిడికిట పట్టుకుంటే ముద్దయ్యేంత తడి చేసి, నీడన గోనెపట్టా కప్పి వారం పది రోజులు ఉంచాలి. మధ్యలో ఒకటి రెండుసార్లు కలియబెట్టాలి. పైన పచ్చటి బూజు కమ్ముకుంటే శిలీంధ్రం బాగా పెరిగినట్టే. ఈ ఎరువును కుండీకి రెండు మూడు గుప్పిళ్లు వేస్తే వేరుకుళ్లుకు అంతకన్నా మంచి కాపలా ఇంటి తోటలో మరొకటి లేదు. రోగం రాకముందు వేయాలి, వచ్చాక దాని బలం తక్కువ. దీనితోపాటే కాపర్ మందో, మరో తెగుళ్ల మందో మట్టిలో పోస్తే దాన్నీ మనమే చంపుకున్నట్టు. రెండింటికీ కనీసం రెండు వారాల ఎడం ఉండాలి.

పచ్చగా ఉన్న టమాటానో, వంగ మొక్కో ఉన్నట్టుండి వాడిపోతే ఇంట్లోనే ఒక పరీక్ష చేయొచ్చు. మొదలు దగ్గర కాండం కోసి, ఆ ముక్కను గాజు గ్లాసులోని నీళ్లలో నిలువుగా వేలాడదీయాలి. కొద్ది నిమిషాల్లో కోసిన చోటు నుంచి పాలలాంటి తెల్లటి ధార దిగితే అది బాక్టీరియా వల్ల వచ్చే ఎండు తెగులు. ఆ మొక్కకు చికిత్స లేదు, ఆ మట్టిలో మళ్లీ వంగ కుటుంబపు మొక్కలు వేయకూడదు. ధార లేకుండా, అడుగు ఆకులు ఒక్కొక్కటే పసుపు తిరుగుతూ నెమ్మదిగా ఎండుతూ, కాండం చీల్చితే లోపల గోధుమరంగు చారలు కనిపిస్తే అది ఫ్యుజేరియం అనే శిలీంధ్రం.

ఆకు మీద తడి

గాలిలో తెగుళ్ల బీజాలు ఎప్పుడూ ఉంటాయి, వాటిని ఊడ్చిపారేయడం ఎవరి తరమూ కాదు. మన చేతిలో ఉన్నది ఆకు మీది తడి. చాలా ఆకుమచ్చ తెగుళ్ల బీజాలు మొలకెత్తి ఆకులోకి దూరాలంటే కొన్ని గంటలపాటు తడి ఆరకుండా ఉండాలి. గులాబీ మీద వచ్చే నల్లమచ్చ తెగులుకు సుమారు 7 గంటల తడి కావాలి. సాయంత్రం పైపుతో ఆకులన్నీ కడిగినట్టు నీళ్లు పోస్తే ఆ తడి రాత్రంతా ఆరదు. ఉదయం పూట, మొక్క మొదలు దగ్గర మాత్రమే పోస్తే తెగులుకు ఆ గడువు దొరకదు. వానాకాలంలో వానను ఆపలేం గానీ, కొమ్మలు పలచన చేసి, కుండీల మధ్య ఎడం పెంచి గాలి ఆడేలా చేయొచ్చు. మట్టి మీద ఎండుటాకులో, ఊకో పరిస్తే వాన చినుకు మట్టిని ఎగజిమ్మి అడుగు ఆకులకు తెగులు అంటించడమూ తగ్గుతుంది. తమలపాకు తీగ ఉన్న ఇళ్లలో వానాకాలం ఇది తప్పనిసరి, ఆ తీగకు మొదలుకుళ్లు మట్టి నుంచే ఎక్కుతుంది.

గులాబీలో మరో ఇబ్బంది, కొమ్మ కత్తిరించిన చోటు నుంచి నల్లబడుతూ కిందికి ఎండుకుంటూ రావడం. ఎండు ఎక్కడ ఆగిందో చూసి, దానికి రెండు మూడంగుళాల కింద పచ్చటి భాగంలో, మొగ్గకు కొంచెం పైన ఏటవాలుగా కత్తిరించాలి. కోతకు మైలుతుత్తం, సున్నం కలిపి చేసే బోర్డో పేస్టు పూయాలి. కత్తెరను ఒక మొక్క నుంచి మరో మొక్కకు వెళ్లేముందు స్పిరిట్‌తో తుడవాలి. ఈ చిన్న పని మనవాళ్లు అస్సలు చేయరు, జబ్బును మొక్క మొక్కకీ మోసేది చాలాసార్లు ఆ కత్తెరే.

తడి సూత్రానికి బూడిద తెగులు మినహాయింపు. గుమ్మడి, దోస, బీర, బెండ, గులాబీ ఆకుల మీద విభూతి చల్లినట్టు తెల్లగా వస్తుంది. పగలు పొడిగా, రాత్రులు చల్లగా ఉండే కార్తీకం నుంచి మాఘం దాకా దాని కాలం. దానికి ఆకు తడవనక్కర్లేదు, గాలిలో తేమ చాలు. దీని మీద పాలు పనిచేస్తాయన్న మాట వట్టి చిట్కా కాదు. బ్రెజిల్‌కు చెందిన శాస్త్రవేత్త వాగ్నర్ బెట్టియోల్ గుమ్మడి జాతికి చెందిన జుకినీ మొక్కల మీద ఆవుపాలు నీళ్లలో కలిపి వారం వారం కొట్టి చూసి, తెగులు బాగా అణిగిందని 1999లో ప్రచురించారు. ఒక వంతు పాలకు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి ఎండ ఉన్న ఉదయం కొట్టాలి. మన ప్రకృతి సేద్యం రైతులు పుల్లటి మజ్జిగ వాడుతుంటారు. తెగులు బాగా ముదిరితే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు చాలు. ఎండలు మండే రోజుల్లో గంధకం ఆకును మాడుస్తుంది. దోస జాతి మొక్కల్లో కొన్ని దాన్ని అసలు తట్టుకోవు, ముందు ఒక ఆకు మీద కొట్టి రెండు రోజులు చూడటం మంచిది. వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు గంధకం జోలికి పోకూడదు.

నిమ్మ ఆకుల మీద, కాయల మీద గరుకుగా పొక్కులు లేచి చుట్టూ పసుపు వలయం ఉంటే అది గజ్జి తెగులు, బాక్టీరియా వల్ల వచ్చేది. వాన, గాలి దాన్ని మోస్తాయి. లేత ఆకుల్లో పాముల్లాంటి తెల్లటి గీతలు గీస్తూ పోయే ఆకుతొలుచు పురుగు చేసిన గాయాల్లోంచి అది ఇంకా సులువుగా లోపలికి పోతుంది. కనుక చిగురు వేసినప్పుడు లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె కొట్టి ఆ పురుగును ఆపితే గజ్జిలో పెద్దభాగం ఆగుతుంది. పొక్కులున్న కొమ్మలు ఎండాకాలంలో కత్తిరించి కాల్చి, వానలకు ముందు, వానల మధ్య కాపర్ మందు కొట్టాలి. దీనికి కొందరు యాంటీబయాటిక్ పొడి ఇస్తారు. మనుషుల ప్రాణాలు నిలిపే మందులను పెరట్లో నాలుగు నిమ్మకాయల కోసం వాడటం నాకు సమ్మతం కాదు. వాటికి అలవాటుపడిన బాక్టీరియా తోట గోడ దగ్గర ఆగదు.

మందు లేని జబ్బులు

బెండ ఆకుల ఈనెలు పసుపు వలలా తేలి, కాయలు తెల్లబడి పీచెక్కితే అది పల్లాకు తెగులు, శంఖు రోగమనీ అంటారు. వంగ ఆకులు చిట్టిచిట్టివై గుబురుగా పెరిగి కాయ కాయకపోతే వెర్రి తెగులు. టమాటాకు ఆకుముడత. ఇవి వైరస్ వల్లో, ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి వల్లో వస్తాయి, మొక్క లోపలి గొట్టాల్లో రసంతోపాటు తిరుగుతాయి. పైనుంచి ఏది కొట్టినా అక్కడికి చేరి వాటిని చంపదు. చేయగలిగినది ఒక్కటే, ఆ మొక్కను వెంటనే పీకేయడం. పూత మీదుంది, నాలుగు కాయలు కోసుకున్నాక పీకుదాం అనుకునే లోపు తెల్లదోమ వంటి రసం పీల్చే పురుగులు ఆ రోగాన్ని మిగతా మొక్కలకు అంటించేస్తాయి. పీకే ముందు మొక్క మీద సబ్బు నీళ్లు చల్లితే దోమలు లేచి పక్క మొక్క మీద వాలకుండా ఉంటాయి.

రాకుండా చూసుకోవడానికి మాత్రం దారులున్నాయి. మొక్క ఎత్తులో పసుపు జిగురు అట్ట వేలాడదీస్తే తెల్లదోమలు అంటుకుంటాయి, తామర పురుగులకు నీలం అట్ట. నారు దశలో సన్నటి దోమతెర కప్పితే తొలి నెల గండం గడుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం విత్తనం ఎంపిక. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ పల్లాకు తెగులును తట్టుకునేలా తెచ్చిన అర్క అనామిక బెండ, ఆకుముడతతోపాటు బాక్టీరియా ఎండు తెగులును, ఆకుమాడు తెగులును కూడా తట్టుకునే అర్క రక్షక్ టమాటా ఇంటి తోటలకు చక్కగా పనికొస్తాయి. తట్టుకునే రకమంటే ఎన్నటికీ రోగం రాదని కాదు. వైరస్‌లు రూపం మార్చుకుంటాయి, ఒకప్పుడు గట్టిగా నిలిచిన రకాలు తర్వాత్తర్వాత లొంగుతాయి.

పొగాకు మొజాయిక్ వైరస్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. వైరస్ అనేది ఒకటుందని ప్రపంచానికి తెలిసింది దీని ద్వారానే. 1892లో రష్యాలో ఇవనోవ్‌స్కీ, 1898లో నెదర్లాండ్స్‌లో బైయెరింక్ దీనిమీద చేసిన పనితోనే ఆ శాస్త్రం మొదలైంది. దీన్ని మోయడానికి పురుగు అక్కర్లేదు, మనిషి చెయ్యి చాలు. ఎండబెట్టిన పొగాకులోనూ చావకుండా ఉంటుంది. బీడీ, చుట్ట, సిగరెట్టు తాగిన చేత్తో, ఖైనీ నలిపిన చేత్తో టమాటా, మిరప మొక్కలను తాకితే వాటికి అంటుకోవచ్చు. సబ్బుతో చేతులు బాగా కడుక్కున్నాకే మొక్కల దగ్గరికి వెళ్లమని ఇంట్లో పొగతాగే పెద్దలకు కాస్త గట్టిగానే చెప్పాలి.

మందు ఏం చేస్తుంది, ఏం చేయదు

మచ్చ పడిన ఆకు మళ్లీ పచ్చబడదు. దీన్ని మనసులో పెట్టుకోకపోతే మందు పనిచేయలేదని మోతాదు పెంచుకుంటూ పోతాం. మనం వాడే తెగుళ్ల మందుల్లో ఎక్కువ భాగం, కాపర్, గంధకం, మాంకోజెబ్ లాంటివి, ఆకు పైన పొరగా నిలబడి కొత్త బీజం మొలవకుండా ఆపుతాయి. అంతే. కనుక ఫలితం కొత్త ఆకుల్లో వెతకాలి. ఆకు అడుగు కూడా తడిసేలా కొట్టాలి, వాన కడిగేస్తే మళ్లీ కొట్టాలి.

వీటిలో నాకు బాగా నచ్చేది ఎంతో పాతదైన బోర్డో మిశ్రమం. ఫ్రాన్సులో బోర్డో దగ్గరి మెడాక్ ప్రాంతంలో బాటసారులు ద్రాక్షపళ్లు తెంపుకోకుండా దారి పక్కనున్న తీగల మీద మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారు. చూడటానికి విషంలా కనిపించాలన్నదే ఉద్దేశం. 1882లో బూజు తెగులు తోటలను ఊడ్చేస్తున్నప్పుడు ఆ దారి పక్క తీగలే ఆకులతో నిలబడ్డాయని వృక్షశాస్త్ర ఆచార్యుడు మిలార్డే గమనించి, పరీక్షలు చేసి 1885లో ప్రకటించాడు. ఇంటికి కావలసిన 1 శాతం మిశ్రమం సులువే. ఒక ప్లాస్టిక్ పాత్రలో అర లీటరు నీళ్లలో 10 గ్రాముల మైలుతుత్తం, ఇంకో దాంట్లో అర లీటరు నీళ్లలో 10 గ్రాముల తాజా సున్నం కరిగించి వడకట్టాలి. సున్నపు నీళ్లను కలుపుతూ అందులోకి మైలుతుత్తం నీళ్లు సన్నగా పోయాలి. శుభ్రమైన ఇనుప మేకును ముంచి తీస్తే ఎర్రటి రాగిపూత పట్టకూడదు. పడితే ఇంకొంచెం సున్నం వేయాలి, లేకపోతే ఆకు మాడుతుంది. ఏ రోజు కలిపింది ఆ రోజే వాడాలి. కోతలకు పూసే పేస్టుకు ఇవే కొలతలు, నీళ్లు మాత్రం మొత్తం 100 మిల్లీలీటర్లు. రాగి మట్టిలో పేరుకుపోయి వానపాములకు చెరుపు చేస్తుంది కాబట్టి అవసరం ఉన్నప్పుడే కొట్టాలి.

వేపనూనె నీళ్లలో నేరుగా కలవదు. ముందు కొంచెం సబ్బు ద్రవంతో చిలికి, తర్వాత నీళ్లు కలపాలి. వేపలోని అజాడిరక్టిన్ ఎండకు త్వరగా విరిగిపోతుంది, అందుకని సాయంత్రం కొట్టాలి. అది ప్రధానంగా పురుగులకు, నల్లులకు పనికొచ్చేది. అన్ని తెగుళ్లకూ అదే మందు అనుకోకూడదు.

మందు డబ్బా మీది వజ్రాకారపు గుర్తులో కింది త్రికోణం రంగు చూడండి. ఎరుపు అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ వరసగా తగ్గుతూ వస్తాయి. ఎరుపు, పసుపు గుర్తులున్నవి పిల్లలు తిరిగే ఇంటికి తీసుకురానేకూడదని నా గట్టి అభిప్రాయం. కొట్టినాక ఎన్ని రోజులు కోయకూడదో కాగితం మీద రాసి ఉంటుంది. రోజూ తుంచుకునే కరివేపాకు, కొత్తిమీర, పుదీనా, తులసి, తమలపాకు మీద రసాయన మందు కొట్టి ఆ గడువు పాటించడం ఇంట్లో ఎవరికీ సాధ్యం కాదు. వాటికి జబ్బు వస్తే చెడిన కొమ్మలు తుంచేసి కొత్త చిగురు కోసం ఆగడమే సరైన వైద్యం.

తీసేసిన మొక్కను ఎక్కడ పడేస్తామన్నదీ చికిత్సలో భాగమే. 20వ శతాబ్దం మొదట్లో గోదావరి డెల్టాలో తాటిచెట్లకు మొవ్వుకుళ్లు తెగులు పట్టి చెట్లు వరసగా చనిపోయాయి. భారతదేశంలో మొక్కల తెగుళ్ల శాస్త్రానికి పునాది వేసిన ఇ.జె. బట్లర్ దాన్ని పరిశీలించి, కారకమైన జీవిని 1907లో వర్ణించాడు. ఇవాళ దాన్ని ఫైటాఫ్తోరా పాల్మివోరా అంటున్నారు. అంత ఎత్తు చెట్లకు మందు కొట్టడం అయ్యే పని కాదు. రోగం సోకిన తలలు నరికి కాల్చేయడమే అప్పుడు ప్రభుత్వం చేపట్టిన ప్రధాన చర్య. ఇంటి తోటలోనూ తెగులు పట్టిన ఆకులను మొక్క కిందే రాల్చి వదిలేయకూడదు. వంటింటి చెత్తతో చేసే చిన్న కంపోస్టు బుట్టలోనూ వేయకూడదు, అందులో వేడి చాలినంత పుట్టదు కనుక బీజాలు బతికే ఉంటాయి.

చనిపోయిన మొక్క కుండీ మట్టిని పారేయాల్సిన పనిలేదు. మన ఎండలు దానికి మందు. ఏప్రిల్, మే నెలల్లో ఆ మట్టిని మేడ మీద జానెడు మందం మించకుండా పరిచి, బాగా తడిపి, పారదర్శకమైన పల్చటి పాలిథిన్ పట్టా కప్పి, అంచుల్లో గాలి దూరకుండా ఇటుకలు పెట్టాలి. నల్ల పట్టా వద్దు, దాని కింద మట్టి అంత వేడెక్కదు. నాలుగు నుంచి ఆరు వారాలు అలా ఉంచితే నారుకుళ్లు, వేరుకుళ్లు కలిగించే బీజాలు, నులిపురుగులు, కలుపు గింజలు చాలావరకు చస్తాయి. మేలు చేసేవీ కొన్ని పోతాయి, అందుకే తర్వాత ట్రైకోడెర్మా పట్టించిన ఎరువు కలపాలి. తొలకరికి ఆ కుండీలో నులిపురుగును అణిచే బంతి నారో, తోటకూరో వేసుకోవచ్చు. బాక్టీరియా ఎండు తెగులు వచ్చిన మట్టయితే మాత్రం టమాటా, వంగ, మిరపకు వేరే కుండీ, వేరే మట్టి చూసుకోవాలి.